కైసరు సలాదు

1954 వేసవి మొదట్లో నాకు కర్నూలు ప్రభుత్వ అతిథి బంగళాలో అసిస్టెంట్ కుక్‌గా పోస్టింగు వచ్చింది. ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో పలికితే అపార్థం వస్తుందని మా నాన్న పత్తికొండలో అందరికీ ‘రెండో వంటమాస్టరు’ అని చెప్పుకునేవాడు. కర్నూలు అప్పుడు రాజధాని. ఆఫీసులు సగం డేరాల్లో ఉండేవి. మంత్రులు, ఇంజనీర్లు, బయటి దేశాల నిపుణులు రోజూ దిగుతుండేవారు. ఊళ్లో నీళ్లకూ నీడకూ కరువు గానీ పెద్దమనుషులకు కరువు లేదు.

బంగళా వంటింటికి ఒక వరుస ఉంటుంది. అది తెలియనివాళ్లు అందరినీ కలిపి ‘వంటోళ్లు’ అనేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. అందరికంటే పైన బట్లరు. భోజనాల బల్ల, వడ్డన, స్టోరు తాళంచెవులు ఆయనవి. ఆయన తర్వాత హెడ్ కుక్, పొయ్యి మీద అధికారమంతా ఆయనదే. ఆ కింద అసిస్టెంటు. అందరి కిందా గిన్నెలు తోమే మసాల్చి. మా బంగళాలో బట్లరు పోస్టు ఖాళీగా ఉంది. మిషన్ బంగళా వంటింట్లో పెరిగి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన పాపానికి ఆ పని కూడా నా నెత్తినే పడింది. ఆఫీసు భాషలో దీన్ని ‘ఇన్‌ఛార్జి’ అంటారు. అంటే పని ఇద్దరిది, జీతం ఒకడిది.

హెడ్ కుక్ మస్తాన్ సాహెబ్. తెల్లగడ్డం, చేతిలో ఎప్పుడూ గరిటె, నోట్లో ఎప్పుడూ తమలపాకు. ఆయన బిర్యానీ కోసం పనిలేకపోయినా పని కల్పించుకుని కర్నూలు వచ్చే అధికారులుండేవారు. నేను ఆయన్ను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకున్న లోపం ఒక్కటే, మిరపకాయ. ‘కారం తగ్గించు మామా’ అంటే నిజంగానే తగ్గించేవాడు. కానీ ఆయన తగ్గించిన కారం కూడా కొత్తవాళ్ల కళ్లవెంట నీళ్లు పెట్టించేది.

ఆ వేసవిలో ఒక అమెరికా నిపుణుడు మా బంగళాలో మకాం పెట్టాడు. ఆలూరు వైపు మెట్టభూముల్లో బోర్లు ఎక్కడ వేయాలో చెప్పడం ఆయన పని. ఊరి జనం ఆయనకు బోరు దొర అని పేరు పెట్టేశారు. పొద్దున్నే జీపెక్కి ఆలూరు పోయి, దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చేవాడు. వచ్చి బల్ల ముందు కూర్చుని, కూర మూత తీసి వాసన చూసి, మూత పెట్టేసేవాడు. అరటిపండ్లూ ఉడికించిన గుడ్లూ తప్ప ఏమీ తినేవాడు కాదు. రోజురోజుకూ ఆయన బెల్టు ఒక్కో రంధ్రం లోపలికి పోవడం మేం చూస్తూనే ఉన్నాం.

బంగళా మీద అజమాయిషీ చేసే ఓవర్సీరు నారాయణరెడ్డి ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచాడు. మనిషి మంచివాడే గానీ పైవాళ్ల మాటెత్తితే చెమటలు పట్టేవి.

“ఇనప్పా దాసూ. ఈ దొర గుంతకల్లు స్టేషన్లో తిండి బాగుంటాదంట, మకాం ఆడికి మార్చుకుంటానంటాండాడు. ఆయన పోయినాడంటే పైవాళ్లు ఈ వంటిల్లు మద్రాసు కాంట్రాక్టరుకు రాసిచ్చేస్తారు. వాని మనుషుల్ని వాడు తెచ్చుకుంటాడు. నువ్వూ మీ మామా యాడికి పోతారో సూసుకోండి” అన్నాడు.

నాకేం, నేను తిరిగి మిషన్ బంగళాకు పోగలను. మస్తాన్ సాహెబ్‌కు ఆ వయసులో వేరే వంటిల్లు దొరకదు. పైగా ఆయన కూతురు తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఉంది. ఇల్లంతా ఆయన జీతం మీదే నడుస్తోంది. ఈ సంగతి ఆయనకు చెప్పాను. “మిరపకాయ తినలేనోడు నీళ్లెట్ల కనుక్కుంటాడప్పా?” అని గరిటె విసురుగా పెట్టాడు. నవ్వొచ్చింది గానీ ఆయన కూతురు గుర్తొచ్చి నవ్వలేకపోయాను.

మర్నాడు పొద్దున దొర జీపెక్కుతూ నన్ను పిలిచాడు. రేపు తన భార్య మద్రాసు నుంచి రైల్లో వస్తోందనీ, అది వాళ్ల పెళ్లిరోజనీ, మధ్యాహ్నం ఆమెకు ఇష్టమైన చికెన్ సీజర్ సలాడ్ చేయగలరా అనీ అడిగాడు.

బట్లరు పనిలో మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది. అతిథి ఏం అడిగినా ‘ఎస్ సర్’ అనాలి. లేదు, రాదు, తెలియదు అనే మాటలు బల్ల దగ్గర వినపడకూడదు. నేను నిటారుగా నిలబడి “ఎస్ సర్” అన్నాను. జీపు వెళ్లిపోయింది. ఆ వంటకం పేరు వినడం నాకదే మొదలు.

అయితే సీజర్ అనే మాట నాకు కొత్తది కాదు. చర్చిలో ఎన్నోసార్లు విన్నదే. మన తెలుగులో కైసరు అంటాం, రోము చక్రవర్తి. ఆ మాత్రం చదువు ఉన్నందుకు కొంచెం ఛాతీ విరుచుకునే వంటింట్లోకి వెళ్లి, “మామా, రేపు దొరసానికి కోడితో కైసరు సలాదు చేయాల” అన్నాను.

మస్తాన్ సాహెబ్ ఆకు నమలడం ఆపాడు.

“కైసరా? అది మనిషి పేరు గదా అల్లుడా. ఆదోనిలో మా చెల్లెలి మొగుడు కైసరే. మనిషి పేరు కూరకు యాడన్నా పెడతారా?”

“రాజు పేరు మామా.”

“రాజైతే మాత్రం? ఆ దొర ముక్కుతో మాట్లాడతాడు, నీకు సరిగ్గా ఇనపడింటే గదా! కేసర్ అనింటాడు. కుంకుమపువ్వు. రాజులు తినేది కేసరే. ఇద్దరి మాటా సరిపాయె, ఊరికే ఉండు.”

ఆయన చెప్పిన తీరుకు నాకూ అదే నిజమనిపించింది. ఇక సలాదు అంటారా, మిషన్ బంగళాలో సలాదంటే దోసకాయ, ఎర్రగడ్డ చక్రాలు తరిగి పైన నిమ్మకాయ పిండటమే. వాటి మీద కుంకుమపువ్వు కోడి పెడితే అయిపోతుందని ఇద్దరం తీర్మానించుకున్నాం. స్టోరులో కుంకుమపువ్వు లేదు. మస్తాన్ సాహెబ్ ఇంటికి పోయి, కూతురికి పాలలో కలిపి ఇవ్వడానికి దాచిన చిన్న డబ్బీ తెచ్చాడు. వద్దు మామా అన్నాను. “కొలువుంటే గదప్పా పాలు! ముందు కొలువు నిలబడనీ” అన్నాడు.

మర్నాడు ఆయన చేసిన కోడిని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పెరుగులో నానబెట్టి, బాదంపప్పు నూరి పోసి, నేతిలో సన్నసెగ మీద మగ్గించి, పాలలో నానిన కుంకుమపువ్వు చివర్లో వంచాడు. మిరపకాయ ఒక్కటి కూడా వేయలేదు. ఆశ్చర్యపోయి అడిగితే, “కేసర్ ఏసినాక మిరపకాయ ఏస్తే రంగేమైతాది? పెండ్లికూతురి ముఖానికి మసి పూసినట్లుంటాది” అని కసురుకున్నాడు. నేనెంత మొత్తుకున్నా పూర్తిగా పోని మిరపకాయ, రంగు కోసం ఇట్టే ఎగిరిపోయింది.

మధ్యాహ్నం దొర, దొరసాని బల్ల ముందు కూర్చున్నారు. నారాయణరెడ్డి వరండా తలుపు పక్కన నిలబడి లోపలికి తొంగిచూస్తున్నాడు. నేను తెల్లకోటు తొడుక్కుని, పళ్లెం తెచ్చి, మూత తీశాను. బంగారు రంగు కోడి, చుట్టూ దోసకాయ చక్రాలు. దొరసాని పళ్లెం వైపు చూసింది, దొర నా వైపు చూశాడు. ఏమిటిది అని ఆమె మెల్లగా అడిగింది. “చికెన్ కేసర్ సలాడ్, మేడమ్” అన్నాను, ఏమాత్రం తడబడకుండా.

ఆమె ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. వరండాలో నారాయణరెడ్డి “అయిపాయె, మునిగితిమి” అనడం నాకు వినపడింది. ఆమె లేచి, మీ తప్పేం లేదు, పదండి, ఎలా చేయాలో నేను చూపిస్తాను, వంటిల్లు ఎక్కడ అంది. అతిథి వంటింట్లో కాలు పెట్టడం బంగళా పద్ధతికి విరుద్ధం. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిస్తే, అలవాటుగా “ఎస్ మేడమ్” అని వచ్చేసింది.

దొరసానిని గడపలో చూసి మస్తాన్ సాహెబ్ నోట్లో ఆకు అలాగే మింగేశాడు. ఆమె చేతులు కడుక్కుని ఒక్కొక్కటే అడిగింది. మొదట లెట్యూస్ అనే ఆకు. కర్నూల్లో ఆ ఆకు పేరు విన్న మేక కూడా లేదు. స్టోరులో ఉన్న క్యాబేజీ ఒలిచి, లోపలి లేత ఆకులు చూపిస్తే సరేనంది. ఆలివ్ నూనె మందుల బీరువాలో దొరికింది. దాన్ని మేం చెవిపోటుకు వాడేవాళ్లం. చీజు అంటే జున్నులాంటిది, మద్రాసు నుంచి వచ్చిన డబ్బా ఒకటుంది. రొట్టె ముక్కలు నేతిలో కరకరలాడేలా వేయించాలి, కానీ డబుల్ రొట్టె ఆ ఎండకు బూజు పట్టి ఉంది. ఆమె కళ్లు అలమర మీద గుడ్డలో చుట్టిన మూట మీద పడ్డాయి. అది మస్తాన్ సాహెబ్ ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె. ఎండి పెళుసుగా ఉంది. ఆమె విరిచి చూసి, ఇంతకంటే ఏం కావాలి అంది. “నా సద్ది దొరసాని తింటాదా! అరె అల్లాహ్!” అని ఆయన నోరు నొక్కుకున్నాడు.

తర్వాత ఆమె ఉప్పుచేప అడిగింది. చిన్నది, వేలంత ఉండాలట. నేను లేదనబోయాను. ఎందుకంటే బంగళాలో ఎండుచేప నిషేధం, వాసన అతిథుల గదుల దాకా పోతుందని. అయితే మా అమ్మ పత్తికొండ సంతలో కొని వేయించి పంపిన ఎండు నెత్తళ్లు నా క్యారియర్‌లో ఉన్నాయి. ఆ క్యారియర్ కిటికీ బయట పెట్టుకున్నాను. ఆమె గాలి పీల్చి, నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి దాన్ని తెచ్చేసింది. ఇవే, సరిగ్గా ఇవే అని పిల్లలా గంతేసింది.

తెల్లగడ్డలూ నెత్తళ్లూ మస్తాన్ సాహెబ్ నూరాడు. వేడినీళ్లలో ఇలా ముంచి అలా తీసిన గుడ్డును ఆమె పచ్చిగానే పగలగొట్టేసరికి “తోబా తోబా” అని చెంపలు వేసుకున్నాడు. ఆమె నిమ్మరసం పిండి, నూనె బొట్టు బొట్టుగా పోస్తూ గిలకొట్టింది. అది పెరుగులా చిక్కబడాలట. కానీ ఆ ఎండకు నూనె ఒక దిక్కు, గుడ్డు ఒక దిక్కు అయిపోయాయి. ఆమె ముఖం మొదటిసారి చిన్నబోయింది. మస్తాన్ సాహెబ్ నీళ్లకుండ కింది తడి ఇసుకలో ఒక కొత్త గిన్నె గుచ్చి, అది చల్లబడ్డాక అందులో ఇంకో గుడ్డు వేసి ఆమె ముందుకు జరిపాడు. ఈసారి చిక్కబడింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు, మధ్యలో నా దుబాసీతనం అవసరం లేకపోయింది.

ఇక మిగిలింది కోడి. మంట మీద కాల్చిన కోడి కావాలి గానీ, మా దగ్గర ఉన్నది కేసర్ కోడి ఒక్కటే. ఆమె దాన్నే ఎముక నుంచి ఒలిచి పైన పరిచింది.

బల్ల మీద ఆ సలాదు ఎంతోసేపు నిలవలేదు. అది అయిపోయాక దొర మిగిలిన కేసర్ కోడి తెమ్మన్నాడు. మిగిలిన జొన్నరొట్టెతో గిన్నె అడుగు కూడా తుడిచేశాడు. ఇంత మంచి వంట వచ్చినవాడు ఇన్నాళ్లూ నాకెందుకు పెట్టలేదని అడిగాడు. నేను తెలుగులో చెబితే మస్తాన్ సాహెబ్, “ఆయప్ప కేసర్ అని అడిగితే గదా పెట్టేది!” అన్నాడు. ఆయన చాలా సంతోషిస్తున్నాడు సర్ అని నేను ఇంగ్లీషులోకి మార్చాను. బట్లరు పనిలో ఇది రెండో పాఠం.

దొరసానిని నేను రోము చక్రవర్తికీ ఈ సలాదుకూ ఏం సంబంధమని అడిగాను. ఏమీ లేదంది. సీజర్ అనే హోటలాయన ఒకడుండేవాడట. ఒకరోజు జనం ఎక్కువై సరుకులు నిండుకుంటే, ఉన్నవాటితోనే కలిపి ఇచ్చాడని కథగా చెప్పుకుంటారంది. నేను వంటింట్లోకి పోయి ఆ మాట చెప్పగానే మస్తాన్ సాహెబ్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“నేనేం చెప్తి? కైసరంటే మనిషి పేరని మొదటే చెప్తినా లేదా? రాజు కాదు, చక్రవర్తి కాదు, వంటోడు! మనోడేనప్పా!”

నారాయణరెడ్డి అప్పుడే లోపలికి వచ్చాడు. ఆలూరు బోర్లు అయ్యేదాకా మకాం ఇక్కడే, వంట ఈ ముసలాయనదే అని దొర చెప్పాడట. “నాకు ముందే తెలుసప్పా” అంటూ చెమట తుడుచుకుని, తనకూ కొంచెం కేసర్ కోడి ఉందా అని అడిగాడు. మద్రాసు కాంట్రాక్టరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మస్తాన్ సాహెబ్ వయసు నిండి రిటైరయ్యేదాకా ఆ పొయ్యి దగ్గరే ఉన్నాడు. తర్వాత నన్ను బట్లరుగా ఖాయం చేశారు. ఆ వేసవిలోనే ఆయన కూతురికి మగబిడ్డ పుట్టాడు. ఏం పేరు పెట్టారని నేను అడిగితే ఆయన గడ్డం నిమురుకుంటూ, “కైసర్” అన్నాడు. మనిషి పేరు కూరకు పెట్టరని వాదించిన మామ, కూర పేరే మనిషికి పెట్టాడు. ఆ కైసర్ ఇప్పుడు కడపలో టైర్ల దుకాణం నడుపుతున్నాడు. సలాదు మొహం కూడా చూడడు, మిరపకాయ లేనిదే ముద్ద దిగదు.

ఆ రోజునుంచి నేను పని నేర్పిన ప్రతి మనిషికీ పాత పాఠానికి ఒక ముక్క తగిలించి చెప్పాను. అతిథి ఏం అడిగినా ‘ఎస్ సర్’ అనండి. ఆ వెంటనే, జీపు కదలకముందే, ‘అందులో ఏమేం వేస్తారు సర్?’ అని అడగండి.