నేను కొబ్బరికాయ కొట్టిన రోడ్డు

తన పొలాన్ని చీల్చడానికి పాతిన సర్వేరాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టిన తెలివితక్కువవాడు ఈ జిల్లాలో ఒకడున్నాడు. వాడే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాడు. ఈ ఉదయం తిరుత్తణి బస్సు, సరిహద్దుకు ఇవతల తమిళనాడులో ఉన్న మా పాండూరు దాటి టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు, నిచ్చెన వేసుకుని ఎవరో కొత్త రుసుముల పలక బిగిస్తుంటే కిటికీలోంచి చూశాను. పాత అంకెల మీద కొత్త అంకెలు, అవీ బాగా బలిసినవి. నా బుద్ధితక్కువ పని మళ్ళీ గుర్తుకొచ్చింది.

రోడ్డు వెడల్పు చేస్తారని సర్వేవాళ్ళు వచ్చినప్పుడు ఊళ్ళో అందరూ మొహాలు ముడుచుకుంటే, చదువుకున్నవాణ్ణి కదా, అభివృద్ధి అంటే ఏమిటో నాకొక్కడికే తెలిసినట్టు ముందుకు దూకాను. కొలత గొలుసు కొస పట్టుకున్నది నేనే, మొదటి సంతకం పెట్టిందీ నేనే. మన వైపు కొత్త బావి తవ్వినా, బోరు వేసినా ముందు పూజ చేస్తాం గనక, ఆ అలవాటు కొద్దీ రాయికీ చేశాను. రెండెకరాలు రోడ్డు కిందికి పోగా, ఎకరన్నర మల్లెతోట మిగిలింది. అది సన్నగా, పొడుగ్గా, రోడ్డు పక్కన పడుకున్న పాములాగా ఉంటుంది. తల మా ఊరివైపు, తోక గేటు దాటిన తర్వాత. బావీ, పాకా, పూలు తూచే చోటూ తోకవైపే. పరిహారంతో ఒక కారు కొన్నాను. అంటే పొలం అమ్మిన డబ్బుతో కొన్న కారులో, ఆ పొలం మీదనే పోవడానికి, రోజూ సుంకం కట్టే ఏర్పాటు నాకు నేనే చేసుకున్నానన్నమాట.

పన్నులు మాకు కొత్తేమీ కాదు. మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు సైకిలుకు కూడా పన్ను ఉండేది. పంచాయతీ ఆఫీసులో కట్టి, చిన్న లోహపు బిళ్ళ తెచ్చుకుని, ముందు చక్రం పైన బిగించుకోవాలి. బిళ్ళ ఆకారం ఏటా మారేది, లేకపోతే మా మేనమామలాంటివాళ్ళు ఒకే బిళ్ళతో కాశీదాకా పోయివచ్చేవారు. బిల్ కలెక్టరు గొడుగు వేసుకుని కడంబత్తూరు స్టేషను దారిలో కల్వర్టు మీద కాపు కాసేవాడు. ఒకరోజు మా మేనమామ, వెనక నన్ను కూర్చోబెట్టుకుని రైలుకు పోతూ, దూరాన్నుంచే ఆ గొడుగు చూసి, సైకిలు దిగి, దాన్ని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"ఏం మామా, బిళ్ళ యాడ?" అన్నాడు కలెక్టరు.

"అది నన్ను మోస్తే గదా పన్ను? ఇప్పుడు నేను దాన్ని మోస్తా ఉండా. నాకే మీరు ఏమన్నా ఇయ్యాల."

"మొయ్యి మామా, బాగా మొయ్యి. నేనూ కూడా వస్తా. యాడ దించితే ఆడ కట్టు."

అలాగే వచ్చాడు మహానుభావుడు, గొడుగు మా మేనమామకే పట్టి, వానలు, వేరుశెనగ ధర, వాళ్ళ అల్లుడి పొగరు మాట్లాడుకుంటూ. స్టేషను కనబడేసరికి మామ భుజం వాలిపోయింది. సైకిలు దించి, తిట్టుకుంటూనే కట్టాడు, ఇద్దరూ ఒకే బీడీ ముట్టించుకున్నారు. పన్ను అప్పుడూ చేదే, కాని ఆ చేదుకు కాళ్ళుండేవి, మనతో నడిచేది.

ఇప్పటి గేటుకు చెయ్యి ఉంది గాని మొహం లేదు. చెయ్యి లేస్తుంది, బ్యాంకులో డబ్బు తరుగుతుంది, అంతే. మోకాళ్ళు అరిగిపోయి నడవలేను గనక రోజూ కారులోనే తోటకు పోవాలి. పూలమ్మిన దానిలో గేటు ముందుగా కొరికి, మిగిలింది నాకు వదిలేది. చుట్టుపక్కలవాళ్ళకు లోకల్ పాసు ఇస్తారని విని మేనేజరు దగ్గరికి పోయాను. హోసూరు పక్క మనిషి, తెలుగు వచ్చు, బండిని మాత్రం అరవంలో వండి అంటాడు.

"ఇది ఆంధ్రా వండి సార్. పాసు లోకల్ వండికే."

నిజమే. సరిహద్దుకు అవతల, ఆంధ్రాలోని నగరిలో ఉండే మా బావ, అక్కడ పన్ను తక్కువని చెబితే, వాళ్ళింటి అడ్రసుతో కారు రిజిస్టరు చేయించాను. సరిహద్దు ఊళ్ళ తెలివి అది, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ, చివరికి నడుము నేలమీద. ఇప్పుడు ఇక్కడి నంబరుకు మారాలంటే జీవితకాల పన్ను మళ్ళీ కట్టాలి. ఆ జీవితకాలం కారుదో నాదో ఎవరూ చెప్పలేదు. మా ఇద్దరి వాలకం చూస్తే ఎలాగూ గిట్టుబాటు కాదు.

"వండి ఆంధ్రాదే నాయనా, నేను ఈ వూరోణ్ణే గదా. నువ్వు కూర్చోనుండే కుర్చీ కింద మా తాత దున్నిన మడి ఉండాది."

"మడికి పాసు ఇయ్యము సార్."

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు. తోట అమ్మేద్దామంది. ఆ మాట నాకు పడలేదు. మర్నాడే రెండు వరుసల మల్లెపొదలు, నా చేతులతో నాటినవి, నేనే పీకించి, తోట తలనుంచి తోకదాకా, గేటు వెనకగా, నా పట్టా భూమిలోనే బండిదారి వేయించాను. నా కారు పోయింది. తర్వాత పాలబండి, ఊరివాళ్ళ ఆటోలు. ఎవర్నీ ఒక్క పైసా అడగలేదు.

పోయిన నెల మేనేజరు, గేటుకు రాని బళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామని, జీపులో తనిఖీకి ఆ దారిలోనే వచ్చాడు. తోకదగ్గర ఆవులు రాకుండా కట్టిన వెదురుబొంగు అడ్డంగా ఉంది. నేను పాకలో పూలు తూస్తున్నాను.

"తియ్యండి సార్."

"పది రూపాయలు. లోకల్ వండికి ఊరికే. నీ వండి యాడిది నాయనా?"

నంబరు పలక హోసూరుది. వెనక్కి పోదామంటే పాలబండి వచ్చి ఆగి ఉంది. ఎర్రబడ్డ మొహంతో పది రూపాయలు చేతిలో పెట్టాడు. బొంగు ఎత్తాను. ఇన్నేళ్ళు కట్టినవాణ్ణి, మొదటిసారి వసూలు చేశాను. కాస్త పలకరిస్తాడేమో, ఆ వంకతో కూర్చోబెట్టి, పొలం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండేదో చూపిద్దామని ఎదురుచూశాను. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. గేటు దాటినవాడు వెనక్కి తిరిగి ఎందుకు చూస్తాడు, నేను మాత్రం ఏనాడు చూశాను గనక.