పొగ ఎటు పోతుందో

మాధవరం బస్‌స్టాండులో బయల్దేరక ముందే బస్సు ఉడికిపోతోంది. నా పక్కనున్న కిటికీ అద్దం తోశాను. గాలి రాలేదు. పక్కసీటులోని ముసలావిడ అవతలి వరుసవైపు చెయ్యి చూపించింది.

"ఈడ ఒక్కటే తెరిస్తే చాలదమ్మా. గాలి పోయేదానికి ఆడ కూడా దారుండాల."

ఆ కిటికీ కూడా తీయించాక నిజంగానే గాలి ఆడింది. మీకెలా తెలుసని అడిగాను. ఫ్యాను లేకుండా ఇళ్లలో గాలి ఎలా తిరుగుతుందో పరిశోధించేవాళ్లతో వయసులో ఉన్నప్పుడు పనిచేసిందట.

"ఇప్పుడంతా కంప్యూటర్లోనే చూస్తారు. మాకప్పుడు ఊదుబత్తే. ఇంట్లో వెలిగించి, పొగ ఎటు పోతుందో రాసుకునేవాళ్లం. రాయపురంలో ఒక ఇంటికి పోయినా. ఒకటే గది, కిటికీ లేదు. ఆ ఇంటామె కూతురు దగ్గతా పడుకోనుండాది. నేను బత్తి వెలిగిస్తే, ఆ బిడ్డ కోసరం పూజ చేస్తుండాననుకొని వాళ్లమ్మ చేతులు జోడించింది."

"మీరేం చేశారు?"

"పొగ కదల్లేదమ్మా, గదిలోనే నిలిచిపోయింది. ఆమేమో కళ్లు మూసుకోనుండాది. పూజ కాదని చెప్పేదానికి నాకు నోరు రాలా. బత్తి అయిపోయిందాకా నేనూ ఇట్నే నిలబడినా."

ఒళ్లో రెండు చేతులూ జోడించి చూపించింది. చాలాసేపు వాటిని విడదీయలేదు. ఆ కూతురు ఏమైందో నేను అడగలేదు. తన స్టాపు రాగానే ఆవిడ దిగిపోయింది.

ఇప్పటికీ దేవుడి ముందు ఊదుబత్తి వెలిగించగానే పొగ ఎటు పోతోందో చూస్తాను. కదలకుండా నిలబడితే లేచి కిటికీ తెరుస్తాను, దానికి ఎదురుగా ఉన్న తలుపు కూడా తెరుస్తాను. దండం ఆ తర్వాతే.