బావ కారు కంప్యూటర్‌కు నేను చెప్పిన పాఠం

ఈ సంగతి నేనే రాసిపెట్టాల్సి వస్తోంది, ఎందుకంటే మా ఇంట్లో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. మా అక్క చెప్పేదాంట్లో కారు కాలిపోయింది. సండే స్కూల్ పిల్లలు చెప్పుకునేదాంట్లో పంజాగుట్ట ఫ్లైఓవర్ మూసేశారు. మా బావ చెప్పేదాంట్లో నేను ఏడ్చాను. కారు కాలలేదు. ఫ్లైఓవర్ ఎవరూ మూయలేదు. మూడోదాని సంగతి సందర్భం వచ్చినప్పుడు చూద్దాం. అయితే ఘోరం జరిగిన మాట మాత్రం నిజం, చేసింది కూడా నేనే.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఇంటి దగ్గరి గ్రంథాలయంలో వరసపెట్టి చదివేవాణ్ణి. బడిలో రాని లెక్కలు, కాలేజీలో రాని భౌతికశాస్త్రం అన్నీ అక్కడే, ఫ్యాను కింద కుర్చీ దొరికితే చాలు, వచ్చేసేవి. గల్లీలో ఎవరి మిక్సీ ఆగినా నన్ను పిలిచేవారు. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణి.

మా బావ డానియేలుకు ఒక పాత టాక్సీ కారు ఉంది. ఎనిమిది నెలలుగా బుకింగుల కోసం ఫోను వంక చూసి చూసి ఆయన మెడ వంగిపోయింది. అలాంటి సమయంలో మాసబ్ ట్యాంక్‌లోని ఒక ఆఫీసువాళ్ళు కారును నెలవారీ అద్దెకు పెట్టుకుంటామన్నారు. సోమవారం పొద్దున కాగితాలన్నీ సరిగ్గా తేవాలి, లేకపోతే ఆ అవకాశం ఇంకొకరికి. అన్నీ ఉన్నాయి, కాలుష్య పరీక్ష పత్రం తప్ప. పైగా పొగగొట్టం తుప్పు పట్టి చిల్లులు పడింది. మార్చాల్సిందే.

అక్కడ నేను దూరాను. ఇంజిన్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి ఆ వారమే ఇంటికి తెచ్చుకున్నాను మరి. పాతదానిలాంటిది కాకుండా, బోల్టులతో బిగించుకునే వెడల్పాటి గొట్టం వేయిస్తే మైలేజీ పెరుగుతుందని బావను ఒప్పించాను. సనత్‌నగర్‌లో షెడ్డు నడిపే మెకానిక్ యాదగిరి అన్న మాత్రం ఒప్పుకోలేదు.

"తమ్మీ, పాత సైజుదే వేస్తే అయిపోతది గదా."

"అన్నా, ఇంజిన్ సుత మన లెక్కనే ఊపిరి తీసుకుంటది. ముక్కు పెద్దగైతే గాలి మంచిగ ఆడుతది."

"ముక్కు పెద్దగైతే జలుబు సుత పెద్దగనే వస్తది," అన్నాడు యాదగిరి అన్న, బోల్టులు బిగించే పానా నాకిచ్చి. ఇంజిన్ దగ్గరి జాయింటు నేనే బిగిస్తానని పట్టుబట్టాను లెండి. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో గాస్కెట్. గాస్కెట్ అంటే రెండు గొట్టాలు కలిసేచోట గాలి దూరకుండా మధ్యలో పెట్టే రేకు ఉంగరం. బొమ్మ చూసి బోల్టు, మళ్ళీ బొమ్మ చూసి బోల్టు. "గాస్కెట్ పెట్టినవా?" అని యాదగిరి అన్న అడిగితే, అంత చిన్న ప్రశ్న నన్ను అడిగినందుకు నొచ్చుకుంటూ పెట్టానన్నాను. పుస్తకంలోని సారమంతా తలకెక్కిందన్న గర్వంతో ఆ సాయంత్రమే దాన్ని తిరిగి ఇచ్చేశాను కూడా.

ఇక రెండో అధ్యాయం. గొట్టం మారితే ఇంజిన్‌కు గాలి ఎక్కువ అందుతుంది, గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, ఎంత పోయాలో చెప్పేది ఇంజిన్ కంప్యూటర్. కాబట్టి దానికి కొత్త లెక్క నేర్పాలి. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న రాజమండ్రి కుర్రాడు సుధీర్ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని తీగతో కారుకు తగిలిస్తే తెర నిండా అంకెలు, ఎక్కాల పుస్తకంలాగ. నేను ఆనందంగా దిద్దడం మొదలుపెట్టాను.

"ఏంటి బ్రో, అన్నీ మార్చేస్తున్నావ్? పాతవి దాచుకున్నావా?"

"తలలో ఉన్నాయి," అన్నాను.

కారు స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని ఒక చప్పుడు. అది స్వేచ్ఛగా ఊపిరాడుతున్న శబ్దమని బావకు వివరించాను. వెనక నుంచి నల్లటి పొగ. అది పాత మసి వదలడమన్నాను. ఆదివారం చర్చి క్వాయర్‌లో పాడేందుకు మా అక్క ఆరేసుకున్న తెల్లచీర ఆ మసిని పూర్తిగా స్వీకరించింది.

శుక్రవారం పంజాగుట్టలో పెట్రోల్ బంకు పక్కన ఉండే పరీక్ష వ్యాన్ దగ్గరికి వెళ్ళాం. వ్యాన్‌లోని కరీం భాయ్ కారు వెనక గొట్టంలో తన సన్న గొట్టం దూర్చి, తెర చూసి, మళ్ళీ కారును చూశాడు.

"డానియేల్ భాయ్, గీ కారు పెట్రోల్ తాగుతలేదు, స్నానం చేస్తున్నది. ఫెయిల్."

బావ తిరిగి వచ్చే దారిలో రేడియో కూడా పెట్టలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు భయం కంటే కుతూహలమే ఎక్కువైంది. ల్యాప్‌టాప్ మళ్ళీ తగిలించాను. పొగగొట్టంలో ఒక సెన్సార్ ఉంటుంది, ఇంజిన్‌కు ముక్కులాంటిది. అదేమో గాలి ఎక్కువైంది, పెట్రోల్ చాలట్లేదు అంటోంది. పొగేమో పెట్రోల్ ఎక్కువైంది అంటోంది. ఒకే గొట్టం రెండు మాటలు ఎలా చెబుతుంది? రెండు గంటలు ఆలోచించి, చదువుకున్నవాడిగా సెన్సార్ పక్షం వహించి, ఇంకాస్త పెట్రోల్ పెంచాను. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

శనివారం పొద్దున బావ గడప మీద కూర్చుని, "సోమవారం రాలేనని ఫోన్ చేసి చెప్పాల్నా, బామ్మర్దీ?" అన్నాడు, కోపం లేకుండా. తిడితే బాగుండేది. ఇప్పుడు ఆ మూడో సంగతి: కళ్ళలో మసి పడింది, అంతే.

ఆ ఇంజిన్ల పుస్తకం మళ్ళీ చూద్దామని గ్రంథాలయానికి పరుగెత్తాను. లైబ్రేరియన్ అనసూయ మేడం పుస్తకాన్ని బల్ల మీదికి తీసి, దాని పక్కన ఒక రేకు ఉంగరం పెట్టారు.

"గిది నీదేనా? పేజీ గుర్తుకు కాగితం దొరకలేదా నీకు? పుస్తకం వీపు ఇరిగింది."

గాస్కెట్. చదువుతూ బిగిస్తూ, పేజీ పోకుండా పుస్తకంలో నేనే పెట్టాను. అది లేని సందులోంచి బయటి గాలి దూరుతోంది. ఆ గాలిని సెన్సార్ పసిగట్టి, పెట్రోల్ తక్కువైందని కంప్యూటర్‌కు నమ్మకంగా ఫిర్యాదు చేస్తోంది. కంప్యూటర్ పోసిందాని మీద నేనూ పోశాను. మేడం ఆ పేజీ తెరిచి చూపించారు. గ్రీజు మరక గుండ్రంగా అంటుకుని ఉంది. ఆ వలయం మధ్యలో ఉన్న వాక్యం, కంప్యూటర్ అంకెలు ముట్టుకునే ముందు జాయింట్లలో గాలి లీకు లేదని చూసుకోమంటోంది. నేను చదవడం ఆపింది సరిగ్గా దాని పై వాక్యం దగ్గర.

యాదగిరి అన్న గాస్కెట్ పెట్టి బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. టిక్ టిక్ ఆగింది. నా తలలో ఉన్నాయన్న పాత అంకెల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. సుధీర్ మాత్రం నాకు తెలియకుండా మొదటి రోజే వాటిని దాచిపెట్టాడు. అవి తిరిగి ఎక్కించాక ఆ కంప్యూటర్ కొత్త గొట్టానికి తనంతట తానే సర్దుకుంది, నా పాఠం అవసరం లేకుండా. వ్యాన్ మూసే వేళకు కరీం భాయ్ పత్రం చేతికిచ్చాడు. సోమవారం కారు మాసబ్ ట్యాంక్ వెళ్ళింది, ఇప్పటికీ వెళుతోంది.

కాబట్టి సనత్‌నగర్ షెడ్డు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ యంత్రభాగాన్నీ పుస్తకంలో పెట్టను, ఏ పేజీనీ సగంలో వదలను. రెండోసారి అడిగితే నేను అలుగుతానని ఊరుకున్న యాదగిరి అన్నకు, నన్ను నమ్మని సుధీర్‌కు, మళ్ళీ పరీక్ష చేసిన కరీం భాయ్‌కి, కొత్త చీర కొనిపించుకుని క్షమించిన మేరీ అక్కకు, తిట్టని డానియేలు బావకు కృతజ్ఞతలు. అందరికంటే ముందు చెప్పాల్సింది అనసూయ మేడంకు. ఇప్పుడు నేను ఏ పుస్తకం తిరిగి ఇచ్చినా ఆమె దాన్ని తలకిందులు చేసి మూడుసార్లు దులిపాకే సంతకం పెడతారు. మొన్న ఒక బస్ టికెట్ రాలింది. దాన్ని వెలుతురులో పట్టి చూసి, నా వైపు తిరిగి, "ఏ బస్సు ఆగిపోయింది?" అని అడిగారు.