ముందు దర్వాజ ఏ వార్డుది

మా ఇంటికి రెండు దర్వాజలు. ముందుది లాల్‌దర్వాజా గల్లీలోకి, వెనకది మొఘల్‌పురా వైపు సందులోకి. నలభైల చివర, అందరికీ ఓటు వస్తుందని ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంటున్న రోజుల్లో, ఆ రెండింటి మధ్య మా అమ్మ ఓటు చిక్కుకుంది.

నాన్న పోయినప్పటినుంచి ముందు దర్వాజకు లోపల గొళ్లెం పెట్టే ఉండేది. పొద్దున్నే పనులకు బయలుదేరేవాళ్లకు విధవ ఎదురు రాకూడదని అమ్మ వెనక సందులోంచే తిరిగేది. అలా ఉండమని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నేనూ వెనక దర్వాజకే అలవాటు పడ్డాను.

లాల్‌దర్వాజా వార్డు గుమాస్తా మూసిన దర్వాజ చూసి, ఇంట్లో ఎవరూ లేరని రాసుకుపోయాడు. మొఘల్‌పురా వార్డు గుమాస్తా వెనక దర్వాజ దగ్గర ఆగాడు గాని, ఇంటి నంబరు రేకు కనబడక, ఈ ఇల్లు తన హద్దులోది కాదన్నాడు. నేను పత్తర్‌గట్టిలో పనిచేసే బట్టల దుకాణానికి సెలవు పెట్టి ఇద్దరినీ వెతికి పట్టుకున్నాను. ఒకరి మీదికి ఒకరు తోశారు. వదలకుండా వెంటబడితే చివరికి లాల్‌దర్వాజా గుమాస్తా దారికొచ్చాడు. నంబరు రేకు ఎటుంటే అదే వార్డట. మా రేకు ముందు దర్వాజ మీదే ఉంది. మర్నాడు పొద్దున మళ్లీ గల్లీకి వస్తానని, ఆ దర్వాజలో మనిషి కనబడితేనే రాస్తానని చెప్పాడు.

నువ్వు గల్లీలోకి కనబడక్కర్లేదు, ఆయన్నే బతిమాలి వెనకనుంచి లోపలికి తీసుకొస్తానని అమ్మతో అన్నాను.

"దొంగతనంగ రాయించుకునుడు ఏంది? ఇల్లు మనదే గదా" అంది.

తెల్లవారగానే గొళ్లెం తీయబోయింది. తుప్పు పట్టి కదల్లేదు. రోకలి తెచ్చి కొట్టింది. కడప కడిగి, దర్వాజలో పీట వేసుకుని కూర్చుంది. ఎదురింటి వెండి వ్యాపారి దుకాణానికి బయలుదేరి, ఆమెను చూసి ఆగి, లోపలికి పోయి నీళ్లు తాగి మళ్లీ వచ్చాడు. అమ్మ అక్కడే ఉంది. మళ్లీ వెళ్లి తాగి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది గాని అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"వదినా, జర లోపలికి పోతవా? దుకాణం తెరువాలె" అన్నాడు చివరికి.

"పేరు రాసుకున్నంక లేస్త తమ్మీ. నువ్వు గిట్లనే తాగుతుంటే బావి ఎండిపోతది. ఇగ పో."

ఆయన తల వంచుకుని ఆమె ముందునుంచే వెళ్లిపోయాడు.

గుమాస్తా వచ్చి, ఆమె పేరేమిటని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పింది. ఆయన రాసుకున్నాక, ఏ వార్డులో రాశాడో మళ్లీ ఒకసారి చదివి వినిపించమంది. లాల్‌దర్వాజా అని విన్నాకే పీట మీదినుంచి లేచింది. లోపలికి వెళ్లి కూరగాయల సంచీ తెచ్చుకుని, జనం మసిలే గల్లీలోకి ముందు దర్వాజనుంచే నడిచింది.