నాలుగో నంబరు వాడి ఫైలు

ముందు పోయినవి చెబుతాను. డిశ్చార్జి కాగితాలు మూడు. రక్తపరీక్షల కాగితాలు పదకొండు. మందుల చీటీలు తొమ్మిది. ఎక్స్‌రేలు రెండు. స్కానింగు ఫిల్ము ఒకటి. గుండె పరీక్ష చేసిన పట్టీ ఒకటి. రసీదులు పద్నాలుగు. మొత్తం నలభై ఒకటి. అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, ట్రంకుపెట్టె అడుగున దాచాను. ఒక ఏడాది వానలకు సరస్సు మా ఇంట్లోకి వచ్చి రెండు రోజులు ఉంది. నీళ్ళు తగ్గాక పెట్టె తెరిస్తే సంచికి ఏమీ కాలేదు. లోపల ఉన్నదంతా ముద్దయింది. మా ఆవిడ ఆ ముద్దను అరచేతిలోకి తీసుకుని, "సంచి మాత్రం గట్టిదే తెచ్చినావు," అంది.

అవి పదిహేనేళ్ళ కిందటి కాగితాలు. అపెండిక్సు పగిలి నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరినప్పటివి. అప్పుడు నాకు ముప్పై ఆరు. నేను బడికి పోయింది నాలుగో తరగతి వరకే. లెక్కలు మాత్రం సరస్సు ఒడ్డున రొయ్యల గంపలు ఎంచుతూ నాకు నేనే నేర్చుకున్నాను. కళ్ళ ముందు ఏది ఉన్నా ఎంచకుండా ఉండలేను. ఆసుపత్రిలో నా మంచం పదిహేడు. ఉన్నది తొమ్మిది రోజులు. కుట్లు పద్నాలుగు. ఎక్కించిన సెలైన్ సీసాలు ఇరవై మూడు. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అడ్మిషన్ నంబరు ఒక్కటే బట్టీ పట్టలేదు. కాగితం ఉంది కదా అనుకున్నాను.

ఆ కాగితాల్లో ఒక మందు పేరు ఉండేది. రెండో రోజు పొద్దున ఒక ఇంజక్షన్ ఇచ్చారు. నర్సు గుమ్మం దాటకముందే నా ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, గొంతు మూసుకుపోయింది. నలుగురు చేరి ఎలాగో ఊపిరి తెప్పించారు. తర్వాత డాక్టరు, "ఇది నీ ఒంటికి పడదు. ఇంకొకసారి ఎక్కితే కష్టం. పేరు రాసి పెట్టాను, జాగ్రత్తగా ఉంచుకో," అన్నాడు. ఉంచుకున్నాను. చెప్పాను కదా.

ఈ ఏడాది మొదట్లో కుడి డొక్కలో నొప్పి మొదలైంది. సూళ్లూరుపేటలో డాక్టరమ్మ స్కానింగు తీయించి, పిత్తాశయంలో మూడు రాళ్ళున్నాయి, సంచినే తీసేయాలి అంది. ఏ మందైనా పడదా అని అడిగింది.

"ఒకటి పడదమ్మా. తెల్లగా ఉండింది. రెండో రోజు పొద్దున పది గంటలకు ఇచ్చినారు."

"పేరయ్యా, పేరు."

"పేరు కాగితంలో ఉండింది."

"ఏదీ కాగితం?"

"సరస్సు తీసుకుంది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "తెల్లగా ఉండే మందులు నా దగ్గర ఎన్నో ఉన్నాయి. అందులో ఏది అని నేను మీ మీద పరీక్ష పెట్టాలా? ఆ ఆసుపత్రిలో మీ ఫైలు ఉంటుంది. అడిగి నకలు తెచ్చుకోండి, అది మీ హక్కు. పేరు తెలియకుండా నేను కత్తి పట్టను. అట్లాగని నెలల తరబడి ఆగేది కాదు. రాయి జారి నాళంలో అడ్డం పడిందంటే అప్పుడు వెతికే టైము ఉండదు. పది రోజుల్లో రండి."

పది రోజుల్లో మొదటిది ఆ పూటతోనే పోయింది. రెండో రోజు పొద్దున రైలెక్కి నెల్లూరు పోయాను.

రికార్డుల గది ఆసుపత్రి వెనకవైపు ఉంది. నా వయసే ఉన్న ఒక క్లర్కమ్మ కిటికీ అవతల కూర్చుని ఉంది. పాతవి కంప్యూటర్లో లేవు, పుస్తకాల్లో వెతకాలి, మగవాళ్ళకు ఒకటి, ఆడవాళ్ళకు ఒకటి, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఒకటి అని చెప్పి, ఆ ఏటి మగవాళ్ళ పుస్తకం దించింది. నా పేరూ ఇంటిపేరూ ఊరూ రాసుకుంది.

"తండ్రి పేరు?"

"అదే మేడం."

"అదే అంటే?"

"నా పేరే ఆయన పేరు."

ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది. నేను చెప్పింది నిజమే. మా ఊళ్ళో ఏ ఇంట్లో పుట్టినా పెద్ద కొడుక్కి ఊరి దేవుడి పేరే పెడతారు. ఊరంతా రెండే ఇంటిపేర్లు. అందుకని మాకు పేరు వెనకాల నంబరు ఉంటుంది. సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో మాకు వంతులుంటాయి. పెళ్ళయిన మగవాడు వంతుల పుస్తకంలో చేరతాడు. ఒకే పేరు వాళ్ళకు చేరిన వరుసలో నంబరు వస్తుంది. ఇప్పుడు పదకొండు మందిమి ఉన్నాం. నేను నాలుగు. ఆ పుస్తకం రాసేది కూడా నేనే. పేరు చెప్పి నంబరు చెప్పకపోతే మా వాళ్ళకు సగం చెప్పినట్టే.

ఇదంతా ఆమెకు ఎందుకులే అని చెప్పలేదు. ఆమె ఆ ఏటి పుస్తకమంతా చూసింది. ముందటి ఏడు చూసింది, తర్వాతి ఏడు చూసింది. నా పేరు లేదు.

"మీ ఊరి నుంచి ఆ పేరుతో మగవాళ్ళెవరూ చేరలేదు. వేరే ఆసుపత్రేమో గుర్తు తెచ్చుకోండి."

"పదిహేడో మంచం మేడం. కిటికీకి ఆరు ఊచలు, ఒకటి వంగి ఉండేది."

"ఊచలకు రికార్డు లేదండీ," అని నవ్వి, నా ఫోన్ నంబరు రాసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కూర్చుని లెక్క వేశాను. నాకంటే ముందటి ఏడు మా ఏడో నంబరు వాడు కాలు విరిగి అదే ఆసుపత్రిలో చేరాడు. కారియర్లో అన్నం తీసుకుపోయి ఇచ్చింది నేనే. ఆమె ఆ ఏటి పుస్తకం కూడా చూసింది, వాడూ లేడు. ఒక పేరు లేకపోతే రాసినవాడి పొరబాటు అనుకోవచ్చు. ఇద్దరికి ఇద్దరూ లేరంటే మా అందరికీ ఒకే పద్ధతిలో ఏదో జరిగి ఉండాలి. అది ఏమిటో నన్ను చేర్చిన వాడికి తెలియాలి. నన్ను చేర్చింది మా బావమరిది.

వాడు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఆ రోజు చీటీ రాసే కాడ ఏమని చెప్పినావురా?"

"పదైదేళ్ళ కిందటి మాట ఇప్పుడడిగితే ఎట్టా బావా? మొన్న తిన్న కూరే గుర్తులేదు నాకు."

"గుర్తు తెచ్చుకో. నా పానం మీదుండాది."

వాడు వల కింద పెట్టాడు. "నువ్వేమో గుడ్లు తేలేసి ఉండావు. అక్క ఏడుస్తా ఉండాది. పేరడిగినాడు. మన వాడుకే చెప్పినా. పేరు చెప్పి, నాలుగు అన్నా. ఊరు చెప్పినా. అంతే, ఆయన ఇంకేం అడగలా. చీటీ చేతికిచ్చి లోపలికి తోసినాడు."

"వయసు అడగలేదా?"

"లేదే."

వయసు అడగలేదంటే ఆ గడిలో ఏదో ఒకటి పడి ఉండాలి. పేరు తర్వాత చెప్పిన అంకె ఒక్కటే. నా చేతికిచ్చిన కాగితాల మీద డాక్టరు నన్ను అడిగి ముప్పై ఆరు అని రాశాడు కాబట్టి నాకు ఎప్పుడూ తెలియలేదు. వాళ్ళ ఫైలు అట్ట మీద మాత్రం నాకు నాలుగేళ్ళు.

నేను నవ్వడం మొదలుపెట్టాను. డొక్కలో నొప్పి వచ్చింది, అయినా ఆగలేదు. విషయం చెబితే మా బావమరిది వలలో పడి దొర్లాడు. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "అందుకేనా, ఇంకా అన్నం కలిపి పెట్టమంటావు," అంది.

మరునాడు నేనూ మా ఆవిడా పోయాం. క్లర్కమ్మ కిటికీ దగ్గరికి పోయి, "పిల్లల పుస్తకం చూడండి మేడం. నాలుగేళ్ళ వాడు," అన్నాను. ఎందుకో చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు, అయినా పుస్తకం దించింది. వేలు పెట్టి పైనుంచి కిందికి వస్తూ ఒకచోట ఆగింది. పక్క ఏటి పుస్తకం తీసింది. ఇంకో ఏడు తీసింది. మా పేరుతో, మా ఊరితో, ఆరుగురు దొరికారు. వయసులు ఒకటి, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పదకొండు.

"నేను ఈ గదిలో ఎన్నేళ్ళుగా ఉన్నానో," అంది ఆమె. "ఈ పిల్లల పేర్లు చూసినప్పుడల్లా అనుకునేదాన్ని, ఎవరమ్మా ఈ తల్లి, ఒకే పేరు పెట్టుకుని అందరినీ ఆసుపత్రికే పంపుతుంది అని."

ఫైలు తెచ్చి మొదటి పేజీ తిప్పింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క బల్ల దగ్గరున్న ఆయన్ని పిలిచి చదివి వినిపించింది. "వయసు నాలుగు. బరువు యాభై ఎనిమిది కిలోలు. పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు. రోజుకు పది బీడీలు."

"పది కాదు మేడం, పదహైదు," అంది మా ఆవిడ. "డాక్టరుకు కూడా తక్కువ చెప్పినాడు."

కానీ ఫైలు చేతికి రాలేదు. దాన్ని, నా ఆధార్ కార్డునీ పక్కపక్కన పెట్టుకుని సూపరింటెండెంటు గారు చాలాసేపు చూశారు. ఆయన కూడా లెక్క మనిషే. "అప్పుడు నాలుగు, పదిహేనేళ్ళు కలిపితే పంతొమ్మిది. మీకు యాభై ఒకటి. ఒకరి ఫైలు ఇంకొకరికి ఇస్తే రేపు నన్ను అడుగుతారు. ఇది మీదే అని ఎట్లా నమ్మేది?"

మందు పేరు ఆ అట్టల మధ్య, నాకు మూరెడు దూరంలో ఉంది. "లోపలున్నది అడగండి సార్," అన్నాను. "చెబుతాను."

"మంచం?"

"పదిహేడు."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

"కుట్లు?"

"పద్నాలుగు. చూస్తారా?" చొక్కా ఎత్తబోతే వద్దన్నారు.

"సెలైన్ ఎన్ని?"

"ఇరవై మూడు."

ఆయన వేలితో ఎంచి తల అడ్డంగా ఊపారు. "ఇరవై రెండు."

"లేదు సార్, ఇరవై మూడు. చివరిది తెల్లవారుజామున పెట్టినారు. సగంలో ఆగిపోతే నర్సమ్మ మళ్ళీ సూది గుచ్చింది."

"రికార్డులో ఇరవై రెండే ఉన్నాయి."

"అయితే రికార్డు తప్పు సార్."

మా ఆవిడ నా జబ్బ గిల్లింది. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. లెక్క కుదరకపోతే ఆయనకూ నిద్ర పట్టదనుకుంటాను. మొదటి నుంచి ఒక్కో పేజీ తిప్పారు. రెండు పేజీలు జిగురుకు అతుక్కుని ఉన్నాయి. గోటితో నెమ్మదిగా విడదీశారు. లోపల ఒక వరుస ఉంది. తెల్లవారుజాము, నాలుగున్నర. ఇరవై మూడోది.

ఆయన కళ్ళజోడు తీసి, "ఇయ్యమ్మా," అన్నారు క్లర్కమ్మతో. "ఇది ఈయనదే. ఇంకెవరూ ఇంత వాదించరు."

ముప్పై ఒక్క పేజీలు నకలు తీసి ఇచ్చారు. అక్కడే ఎంచుకున్నాను. పదకొండో పేజీలో ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు కొట్టి, ఆ మందు పేరు ఉంది. ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు. నాకు పలకడం రాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మా ఆవిడకు చూపించాను. "ఇదేనా మనల్ని అంత ఏడిపించింది," అని ఆమె ఆ కాగితాన్ని కొంగులో చుట్టి రొమ్ముకు ఆనించుకుంది. రైల్లో కూడా నా చేతికి ఇవ్వలేదు.

డాక్టరమ్మ పేరు చదివి, "మంచిపని చేశారు. ఆపరేషన్‌కు ముందు నేను ఇచ్చే ఇంజక్షన్ ఇదే," అంది. ఆ మాట చాలా మామూలుగా అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె చెప్పిన పది రోజుల్లో ఆరో రోజున ఆపరేషన్ అయింది. మూడు రాళ్ళన్నారు కానీ తీస్తే అయిదున్నాయి. చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఆపరేషన్ అయిన మూడో రోజు ఇంటికొచ్చి చేపల పులుసు అడిగితే డాక్టరమ్మ వద్దన్నదని గంజి పెట్టారు.

నేను కోలుకున్నాక మిగిలిన అయిదుగురికీ చెప్పాను. ఎవరి ఫైలు వాళ్ళు కార్డు చూపించి తీసుకోవాలి, ఇంకొకరికి ఇవ్వరు. వంతు రోజు ఎవరూ కదలరు. చివరికి శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు కుదిరింది. ఆ రోజు మమ్మల్ని నీళ్ళలోకి పోనివ్వరు. రెండో నంబరు, ఏడు, తొమ్మిది, పదకొండు, వాళ్ళను తీసుకుపోవడానికి నేను. తెల్ల పంచెలు కట్టి, పెళ్ళికి పోయినట్టు బయలుదేరాం.

క్లర్కమ్మ బయటికి వచ్చి పేరు పిలిచింది. బల్ల మీద కూర్చున్న అయిదుగురం ఒకేసారి లేచాం. నా ఫైలు వచ్చేసినా అలవాటుకొద్దీ నేనూ లేచాను. వరండాలో మందుల కోసం నిలబడ్డ వాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఇట్లా కుదరదు," అంది ఆమె. "చిన్నవాళ్ళు ముందు. రెండేళ్ళ బాబు ఎవరు?"

డెబ్భై దాటిన మా రెండో నంబరు కర్ర పట్టుకుని ముందుకు వచ్చాడు. "నేనేనమ్మా. ఎత్తుకుంటావా?"

ఆ రోజు ఆ వరండాలో జబ్బుతో ఉన్న వాళ్ళు కూడా నవ్వారు. సూపరింటెండెంటు గారు గదిలోంచి తొంగి చూసి, నన్ను గుర్తుపట్టి, మళ్ళీ లోపలికి పోయారు. మధ్యాహ్నానికి నలుగురి చేతుల్లో నాలుగు కట్టలు ఉన్నాయి. ఏడో నంబరు వాడికి తన కాల్లో వేసిన కడ్డీ ఏ లోహమో అప్పుడు తెలిసింది. దాన్ని ఊరంతటికీ చెప్పుకున్నాడు.

రానిది ఒకటో నంబరు పెద్దాయన. ఇంటికి పోయి మూడుసార్లు అడిగాను. మూడోసారి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "నాకు ఆడ ఏడాది వయసంట గదా?" అన్నాడు.

"అవును పెదనాయనా. అట్ట మీద అట్టనే ఉండాది."

"ఉండనీరా. ఈ ఊళ్ళో నన్ను చిన్నోడా అని పిలిచే వాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ ఫైలొక్కటన్నా అంటా ఉండాది."

రేపు ఏ డాక్టరైనా అడిగితే అని చెప్పబోయాను. ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. రాకెట్ రోజు వచ్చినప్పుడల్లా మళ్ళీ అడుగుతున్నాను. వంతుల పుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టుకున్నాను కూడా: ఫైళ్ళు ఆరు, వచ్చినవి అయిదు, రావలసింది ఒకటి.