అలివేలమ్మ టీచరు ముందస్తు ఆర్డర్లు

అంగట్లో కంటికి కనబడే వస్తువును అలివేలమ్మ టీచరు కొనదు. ఆమె కొనేవన్నీ ఇంకా పుట్టని వస్తువులే. ఎక్కడో ఎవరో ఒక యంత్రం చేయబోతున్నామని ఫోన్లో బొమ్మ చూపిస్తే చాలు, చిత్తూరు మొత్తానికీ మొదటి ఆర్డరు ఆమెదే.

ఆమె భర్త గోవిందయ్య ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకిది బొత్తిగా మింగుడుపడేది కాదు.

"బస్సే లేకుండా టికెట్టు యాడన్నా కొడతారా అలివేలూ?"

"బస్సు తయారవతా ఉండాది. నేను ముందే సీటు పట్టుకున్నా, అంతే."

తలమీద తనంతట తానే ఎగిరే గొడుగుకు ఆర్డరిచ్చి రెండు వానాకాలాలు గడిచాయి. ఆ రెండు వానాకాలాలూ గోవిందయ్య తన గొడుగులో ముప్పాతిక ఆమెకిచ్చి, తాను తడుస్తూ నడిచాడు. గురక పెడితే మెల్లగా పక్కకు తిప్పే దిండు కూడా ఆయన పేరునే బుక్కయింది. అదీ రాలేదు. గురక మాత్రం వేళకు వస్తూనే ఉంది.

అన్నింటికన్నా గొప్పది గ్రైండరు. పప్పు తానే నానబెట్టి, తానే రుబ్బి, పిండి పులియగానే పాట పాడి పిలుస్తుందట. అది రాకముందే పాత గ్రైండరును ఎదురింటివాళ్ళకు ఇచ్చేసి, వంటింట్లో ఆ మూలను కడిగి, ముగ్గు వేసి ఉంచింది. అక్కడ ఉల్లిపాయల బుట్ట పెట్టబోయిన గోవిందయ్యకు చీవాట్లు పడ్డాయి.

నెలకొకసారి కంపెనీవాళ్ళు క్షమించమని ఉత్తరం పంపేవాళ్ళు. ఆమె దాన్ని చుట్టాల ఉత్తరంలా పైకి చదివేది.

"పాపం, మోటారు దొరకలేదంట."

"మనకు దోసె దొరకలేదని నువ్వూ ఒక ఉత్తరం రాయి."

ఎనిమిదో నెల ఉత్తరం రాలేదు. కంపెనీ పేజీ తెరుచుకోలేదు. ఫోను చేస్తే మోగలేదు. గ్రైండరూ, దానికి కట్టిన డబ్బూ రెండూ గాలిలో కలిశాయి. అలివేలమ్మ పూటంతా ఆ ముగ్గు ముందే కూర్చుంది. అది చూడలేక గోవిందయ్య బజారుకెళ్ళి మామూలు గ్రైండరు కొనుక్కొచ్చి ముగ్గుమీద పెట్టాడు.

"ఇంక లేనిదాని జోలికి పోనని మాటియ్యి."

"ఫోన్లో ఇంక ఏదీ ఆర్డరు పెట్టను."

టికెట్టు ఎగ్గొట్టే ప్రయాణికుల టక్కులన్నీ పట్టుకున్న కండక్టరు, ఆ "ఫోన్లో" అన్న ముక్కను మాత్రం పట్టుకోలేకపోయాడు.

ఆ తర్వాత ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె సంచీ పట్టుకొని బయటికి పోసాగింది. ఒక గురువారం గోవిందయ్య వెంట నడిచాడు. కట్టమంచిలో ఒక సందు, సందులో ఒక టైలరు కొట్టు. లోపలినుంచి ఆమె గొంతు వినబడింది.

"పట్టులో ఒకటి రాసుకో కృపామణీ."

"పట్టులో ఇంగా కుట్టలేదు టీచరమ్మా. చెడిపోతే?"

"చెడిపోనీ. నాది కుట్టి నేర్చుకో, ఆ తర్వాత పెళ్ళివాళ్ళకు కుడుదువు."

గోవిందయ్య లోపలికి దూసుకెళ్ళాడు. "మళ్ళా లేనిదానికే ఆర్డరా!"

అలివేలమ్మ కాపీ కొడుతూ దొరికిన పిల్లలా తల దించుకుంది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న కృపామణే జవాబు చెప్పింది.

"లేనిదానికే సార్. మా అమ్మకు పక్షవాతమొచ్చి చెయ్యి లేవదు. రవిక తొడగాలంటే నొప్పికి ఏడుస్తా ఉండె. భుజం కాడ విప్పుకునేట్టు, బయటికి మామూలు రవికలాగే కనబడేట్టు కుడదామనుకున్నా. మొదటిది చెడింది. మానేస్తానంటే టీచరమ్మ తనకొకటి కుట్టమని డబ్బులిచ్చింది. అదీ చెడింది. ఇంగొకటి ఆర్డరిచ్చింది. తొమ్మిదోది కుదిరింది సార్."

"అన్ని రవికలా! ఒక్కటీ ఒంటిమీద చూళ్ళేదే?"

"ఒకదానికి చెయ్యి ఎనకపక్క వచ్చింది," అంది అలివేలమ్మ మెల్లగా. "అది తొడిగితే నేను ఎనక్కి నడవాల."

లోపల మంచంమీద కృపామణి తల్లి ఆకుపచ్చ రవికతో కూర్చొని నవ్వింది. ఆమెను చూసి ఆసుపత్రిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అలాంటివే కావాలన్నారట. వాళ్ళలో ఒకామె ఇంట కూతురి పెళ్ళి. పట్టులో కుట్టడం నేర్చుకునేది ఆమె కోసమే.

గోవిందయ్యకు తాను వెంట తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బస్సులో పైనున్న కమ్మీ పట్టుకొని వేలాడి వేలాడి బిగుసుకుపోయిన తన కుడిభుజాన్ని తడుముకున్నాడు. రెండేళ్ళుగా అలివేలమ్మ సాయం లేనిదే ఆ చెయ్యి చొక్కాలో దూరదు.

"మగవాళ్ళ చొక్కా కుడతావామ్మా?"

"అట్టాంటిది ఇంగా లేదు సార్."

"లేదని తెలుసులే. కొలతలు తీసుకో."

నెలకల్లా చొక్కా వచ్చింది. భుజం చక్కగా కుదిరింది గానీ, జేబు చంకలోకి పోయింది. గోవిందయ్య ఎవరి సాయమూ లేకుండా దాన్ని తొడుక్కొని, పెన్ను చంకలో పెట్టుకొని, రెండో చొక్కాకు కొలతలివ్వడానికి బయల్దేరాడు.