పెదనాన్న తాబేలు

మా పెదనాన్నంటే నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. ఆయన గొంతు వీధి చివర వినబడితేనే నా ఒళ్లు మండేది.

ఎనభైల చివర్లో మేము ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఆయన ఇల్లు ట్రాఫిక్ అనే మరో రైల్వే పేటలో. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని ఎవరో చెబితే, అరచేతిలో పట్టేంత పిల్లను తెచ్చి మంచం కింద ఇనప తొట్టిలో పడేశారు. అన్నం మెతుకులు, పాలలో నానబెట్టిన రొట్టె ముక్కలు, అదే దాని తిండి. దిష్టి తగులుతుందని దానికి ఎండ మొహం చూపించలేదు.

ఒక ఆదివారం అమ్మా నేనూ వాళ్లింటికి వెళ్లాం. అమ్మ తొట్టి బయటికి లాగింది. అది కాళ్ల మీద లేవలేక పొట్ట ఈడ్చుకుంటోంది. వీపంతా బుడిపెలు. అమ్మ బొటనవేలు ఆనించగానే డిప్ప తడిసిన అట్టలా లోపలికి నొక్కుకుపోయింది.

అమ్మ ఎప్పుడూ బావగారి ఎదుటపడి మాట్లాడేది కాదు. ఆ రోజు మాట్లాడింది.

“బావగారూ, దీని డిప్ప మెత్తబడిపోనాది. పిల్లప్పుడే ఎండా, ఆకూ లేకపోతే ఎలా గట్టిపడుద్ది?”

“నాకు సెప్పడానికొచ్చినావేటి?” పెదనాన్న కుర్చీలోంచి లేవకుండానే అరిచారు. “ఆడదానివి, నా ఇంట్లో నోరెత్తుతావా? అక్కడెట్టు దాన్ని!”

అమ్మ పెట్టలేదు. కొంగులో చుట్టుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. “దొంగముండ!” అని ఆయన వీధంతా వినబడేలా తిట్టారు. పక్కింటి బెంగాలీ దీదీ తలుపు తీసి చూసింది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం వెనక్కి తిరగలేదు.

మా పెరట్లో ఇటుకలు పేర్చి, సగం ఎండ సగం నీడ పడేలా దానికి చోటు చేసింది. అమ్మ పుట్టింట్లో తాబేళ్లు తిరిగేవట. మునగాకు, మందార ఆకుల మీద కోడిగుడ్డు పెంకుల పొడి చల్లి పెట్టేది. రోజూ కాసేపు పళ్లెంలో కొద్దిపాటి నీళ్లలో వదిలేది. కాకులు రాకుండా పైన పాత దోమతెర కట్టింది.

“అన్నయ్యకి ఇచ్చేయరాదా, ఎందుకొచ్చిన గొడవ?” అని నాన్న సణిగేవారు.

“మీరే ఇచ్చిరండి. తరవాత మీ కూడు కూడా అక్కడే తినండి,” అనేది అమ్మ.

చలికాలం వెళ్లేసరికి డిప్ప గట్టిపడింది. బుడిపెల చుట్టూ కొత్తగా పెరిగిన అంచు నున్నగా వచ్చింది. కాళ్లెత్తి నడవసాగింది. ఆ సంగతి తెలిసి పెదనాన్న వచ్చారు.

“బాగైపోనాది గదా, ఇచ్చీ.”

“ఈ బుడిపెలు సూసినారా? ఇవి మరి పోవు. మీ సేతి పనే ఇది. ఇవ్వను,” అంది అమ్మ.

ఆయన చెయ్యెత్తారు. అప్పటిదాకా అరుగు మీద తల వంచుకుని కూర్చున్న నాన్న లేచి మధ్యలో నిలబడ్డారు.

“అన్నయ్యా, ఇంటికెల్లు.”

అన్న ముందు నాన్న గొంతు అంత గట్టిగా పలకడం నేను వినడం అదే మొదటిసారి. పెదనాన్న ఉమ్మేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గర ఎదురుపడినా అన్నదమ్ములు ముఖాలు తిప్పుకునేవారు. తాబేలు మా పెరట్లోనే పెద్దదైంది.

తొంభైల్లో పెదనాన్న పోయారని కబురొచ్చింది. నాన్న బయల్దేరుతూ నన్నూ రమ్మన్నారు. నేను రానన్నాను.